పట్టు లేని రంగు

మా నాన్నగారి అంబాసిడర్‌కు ఇన్నేళ్ళలో రెండు సార్లు రంగు వేయించాము. రెండు సార్లూ షెడ్డువాళ్ళు బాడీతో పాటు క్రోమ్ సామాను మీద కూడా రంగు కొట్టేశారు. మొదటి పెయింటరు పని మీద శ్రద్ధ లేని మనిషి. బంపర్లనూ, తలుపుల బీడింగులనూ, పిడులనూ తుడవకుండా, గీకకుండా, ఉన్నవి ఉన్నట్టుగా తెల్లరంగులో ముంచేశాడు. రెండవ పెయింటరు బుద్ధిమంతుడు. వేసిన రంగు ఊడిపోకూడదని బానెట్ మీది మధ్య పట్టీనీ, గ్రిల్ చుట్టూ ఉన్న అంచునూ వాటర్ పేపరుతో ఓపికగా రుద్ది, ప్రైమరు పట్టించి, ఆ పైన వెండి రంగు వేశాడు. ఆ రంగులన్నీ తీసి అడుగున ఉన్న లోహాన్ని మళ్ళీ చూద్దామని నేను పోయిన ఏడాది కూర్చున్నాను. కూర్చున్న నెల రోజులకు తేలిందేమిటంటే, నేను రుణపడి ఉన్నది మొదటివాడికి. రెండవవాడి శ్రద్ధ నాకు మిగిల్చిన నష్టం ఇక పూడేది కాదు.

ఇది చమత్కారం కోసం అంటున్న మాట కాదు. రంగు పనిలో ఉన్నవాళ్ళు 'పట్టు' అనే మాట వాడతారు. నున్నగా ఉన్న చోట రంగుకు పట్టు దొరకదు, అందుకని ముందుగా గరుకు చెయ్యాలి. క్రోమియానికి ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉన్నది. గాలి తగిలిన వెంటనే అది కంటికి కనిపించనంత పలచని ఆక్సైడు పొరను తన మీద తానే కప్పుకుంటుంది. తుప్పు నుంచి దాన్ని కాపాడేదీ ఆ పొరే, రంగును దగ్గరకు రానివ్వనిదీ ఆ పొరే. స్టెయిన్‌లెస్ స్టీలులో ఉన్నది కూడా క్రోమియమే కనుక దాని గుణమూ అదే. అటువంటి లోహం మీద గీకకుండా వేసిన రంగు, పాల మీద మీగడలాగా, పైన తేలి ఉంటుందే తప్ప లోపలికి దిగదు. గీకి వేసిన రంగు ఆ గీతల్లోకి వేళ్ళు దింపుకుంటుంది. రంగును ఎప్పుడైనా తీయవచ్చు కానీ గీతలను తీయాలంటే, ఆ గీతల లోతు వరకు లోహాన్ని కూడా తీసివేయవలసిందే. పాత రంగు సులువుగా వస్తుందా, ఏడిపిస్తుందా అన్నది రంగు తీసే రోజున తేలేది కాదు, వేసిన రోజునే తేలిపోయి ఉంటుంది.

కారు సంగతి కొంచెం చెప్పాలి. అది 1972 నాటి మార్క్ టూ. దగ్గర దగ్గరగా గళ్ళున్న గ్రిల్‌ను బట్టి పాతకాలం వాళ్ళు దూరం నుంచే గుర్తు పడతారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్‌ను ఆధారం చేసుకుని కలకత్తా పక్కన ఉత్తరపారాలో తయారైన కారు అంబాసిడర్, 2014 దాకా ఏవో మార్పులతో వస్తూనే ఉన్నది. నాన్నగారు మా కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నది బందరులో ఉండగా. సముద్రపు ఉప్పుగాలికి బంపర్ల మీద ఆవగింజలంత గోధుమరంగు చుక్కలు లేచాయి. క్రోమ్ పూతలో సన్నని రంధ్రాలు, నెర్రెలు ఉండటం సహజం. తేమ, ఉప్పు వాటి గుండా దిగి అడుగున ఉన్న ఇనుమును తింటాయి, పైన చుక్క కనిపించే సమయానికి లోపల గుంట పడి ఉంటుంది. మళ్ళీ క్రోమ్ చేయించాలంటే ఖర్చు. రంగు ఎలాగూ వేయిస్తున్నాము కదా, దాని మీద కూడా ఒక చెయ్యి వెయ్యమంటే సరిపోతుంది. ఆ రోజుల్లో చాలా కార్లకు జరిగింది ఇదే. నాన్నగారిని తప్పు పట్టను. అప్పటికి అది పాతకారే గాని పురాతన కారు కాదు.

బెజవాడలో మాకు తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు. నేను వీధి అరుగు మీద పట్టీలు పరుచుకుని కూర్చోవడం చూసి ఆయన, "గ్రైండరుకు వైరు బ్రష్ తగిలించి పెడితే అరగంట పని సార్, ఆ పైన బఫ్ కొట్టి ప్లేటింగుకు పంపిద్దాం, కొత్తవాటిలాగా వస్తాయి" అన్నాడు. ఆయన పనితనం మీద నాకు గౌరవం ఉన్నది. అయినా ఈ సలహాను ఒప్పుకోలేకపోయాను, ఈ వ్యాసం కూడా ఆ సలహాకు జవాబుగానే రాస్తున్నాను. గ్రైండరుకు రంగేదో లోహమేదో తెలియదు. అలంకారానికి వేసే క్రోమ్ పూత మందం మామూలుగా పావు మైక్రాను నుంచి అర మైక్రాను దాకా ఉంటుంది. మనిషి వెంట్రుక డెబ్బయి మైక్రాన్ల మందం అనుకుంటే, పూత అందులో సుమారు రెండు వందలవ వంతు. దాని అడుగున ఉన్న నికెల్ కొంత మందమే, పది ఇరవై మైక్రాన్లు ఉండవచ్చు. క్రోమియం గట్టి లోహమే, కానీ ఇంత పలచగా ఉన్నప్పుడు ఆ గట్టిదనం ఎంతసేపు నిలుస్తుంది? నిమిషానికి వేల చుట్లు తిరిగే తీగల కింద పెట్టి, రంగు పోయిన క్షణంలో చెయ్యి ఆపగలనని నమ్మడం సాహసం. ప్లేటింగుకు పంపే వాళ్ళకు ఈ చింత అక్కరలేదు, ఎందుకంటే ఎలాగూ పాత పూతంతా తీసేస్తారు. ఉన్నదాన్ని ఉంచుకోవాలనుకున్న వాడికే ఆ చింత.

అందుచేత రంగు జోలికి పోకముందు, దాని అడుగున ఏ లోహం ఉన్నదో తెలుసుకోవాలి. దీనికి పుస్తకాలు పనికి రావు. యాభయ్యేళ్ళ కారులో ఏ ముక్క ఉత్తరపారా నుంచి వచ్చిందో, ఏది ఆటోనగర్ కొట్లో నుంచి వచ్చిందో, ఏది ఇంకొక అంబాసిడర్ ఒంటి మీద నుంచి వచ్చిందో చెప్పగలిగిన వాళ్ళు లేరు. నా కారు తలుపుల బీడింగులలోనే ఎడమవైపువి స్టెయిన్‌లెస్, కుడివైపు వెనక తలుపుది అల్యూమినియం! ఎప్పుడు మారిందో, ఎవరు మార్చారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం కొంతవరకు సాయం చేస్తుంది. గట్టిగా పట్టుకుంటే ఇనుము మీద క్రోమ్ అని అనుకోవచ్చు. అసలు పట్టుకోకపోతే అల్యూమినియం, జింకు, ఇత్తడి, ఏదైనా కావచ్చు. స్టెయిన్‌లెస్ మాత్రం ఈ పరీక్షలో మోసం చేస్తుంది, ఎందుకంటే అందులో అయస్కాంతానికి అంటే రకాలూ ఉన్నాయి, అంటని రకాలూ ఉన్నాయి. అప్పుడు చేతిలో పెట్టుకుని బరువు చూడాలి. అల్యూమినియం కంటే జింకు రెండున్నర రెట్లు బరువు, ఒకసారి రెండూ పట్టుకున్న చెయ్యి మరిచిపోదు. వెనకవైపు, బిగించాక కనిపించని చోట, చిన్న గీత గీసి చూస్తే ఇత్తడి పసుపుగా బయటపడుతుంది. పాడైన చోట పొడి రంగు కూడా సాక్ష్యమే: ఎర్రని తుప్పు ఇనుముది, తెల్లని పొడి అల్యూమినియానిది గాని జింకుది గాని.

ఇంత తర్జనభర్జన దేనికంటే, ఒక లోహానికి మందు అయినది మరొక లోహానికి విషం. కాస్టిక్ సోడా నీళ్ళు ఇనుము మీది రంగును చక్కగా వదిలిస్తాయి, ఇనుమును ముట్టుకోవు. అదే నీటిలో అల్యూమినియం పట్టీ వేస్తే బుసబుసమని బుడగలు లేస్తాయి. అది మురికి పోతున్న సూచన అనుకుని సంతోషించిన వాళ్ళను నేను చూశాను. నిజానికి లోహం కరిగి హైడ్రోజన్ వాయువు పోతున్నది. చాకలిసోడా కూడా నెమ్మదిగా ఆ దారినే పోతుంది. ఇక యాసిడ్ సంగతి నా స్వానుభవం. ముందు బంపరు మీద రంగు ఊడిన ఒక మూల తుప్పు చుక్కలు పోగొట్టమని ఒక షెడ్డులో ఇస్తే, అక్కడి కుర్రవాడు బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌లో గుడ్డ ముంచి రుద్దాడు. తుప్పు పోయింది. జానెడు మేర క్రోమ్ కూడా పోయింది. క్రోమియాన్ని కరిగించే ఆమ్లాలలో ఆ బాత్‌రూమ్ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ముఖ్యమైనది, ప్లేటింగు చేసేవాళ్ళు పాత క్రోమ్ తీయడానికి వాడేదీ అదే. ఇప్పుడు ఆ జానెడు మేర ఎండలో చూస్తే లేత పసుపు ఛాయలో ఉంటుంది, పక్కన చల్లని నీలి ఛాయ. పసుపుది నికెల్, నీలిది క్రోమియం. రెండూ తళతళలాడుతూనే ఉంటాయి కనుక తెలియనివాళ్ళకు తేడా కనపడదు. తెలిసిన తరవాత అది తప్ప మరేమీ కనపడదు.

లోహం తేలిన తరవాత రంగు ఏ జాతిదో చూడాలి. మన పెయింటర్లు ఇప్పటికీ 'డ్యూకో' అనే మాట వాడతారు. అది 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్కరు పేరు. ఆ కంపెనీతో సంబంధం లేకపోయినా స్ప్రే గన్నుతో కొట్టిన కారు రంగుకంతటికీ మన దగ్గర ఆ పేరే నిలిచిపోయింది. ఆ జాతి రంగు కేవలం ద్రావకం ఆరిపోవడం వలన గట్టిపడుతుంది. కాబట్టి ముప్పై నలభై ఏళ్ళ తరవాతైనా తిన్నరు తగిలితే మళ్ళీ కరుగుతుంది. సింథటిక్ ఎనామెల్ గాలిలోని ఆక్సిజనుతో కలిసి గట్టిపడేది, తిన్నరుకు కరగదు గాని ముడతలు పడి ఉబ్బుతుంది. రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ (పాలీయురిథేన్) రంగు తనలో తాను ముడులు వేసుకుని బిగుసుకుపోతుంది, తిన్నరును ఖాతరు చేయదు. తెల్లని గుడ్డను తిన్నరులో తడిపి ఒక మూల నిమిషం సేపు అదిమి పట్టి చూడండి. గుడ్డకు రంగు అంటితే మొదటి జాతి, ముడతపడితే రెండవది, ఏమీ కాకపోతే మూడవది. ఈ ఒక్క నిమిషం పరీక్ష చేయకుండా పెయింట్ రిమూవర్ డబ్బా మూత తీసేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మొదటి పెయింటరు వేసినది డ్యూకో. తలుపుల బీడింగులను క్లిప్పుల నుంచి వంగకుండా విడదీయడానికే ఒక రోజు పట్టింది. సన్నని పట్టీ ఒకసారి మడత పడితే ఆ మడత జన్మలో పోదు. పాత బనీను గుడ్డలను తిన్నరులో తడిపి పట్టీ పొడవునా పరిచి, పైన పాలిథీన్ కాగితం చుట్టి పావుగంట వదిలాను. విప్పి చూస్తే తెల్లరంగు పెరుగు మీగడలాగా మెత్తబడి ఉన్నది. వెదురు బద్దతో ఒక కొసన లేవదీస్తే మూరెడు పొడవున, ముక్క కాకుండా, తొక్క వచ్చినట్టు వచ్చింది. దాని అడుగున స్టెయిన్‌లెస్ పట్టీ మీద నా ముఖం కనిపించింది. అక్కడక్కడా ఒక మైనపు మరక కూడా ఉన్నది, అంటే ఆ మహానుభావుడు పాలిష్ మైనమైనా తుడవకుండా రంగు కొట్టాడు! అంత అశ్రద్ధ కాబట్టే ఆ రంగు ముప్పై ఏళ్ళకు పైగా ఉప్పుగాలికి అడ్డు నిలిచి, పని అయిపోగానే తప్పుకున్నది.

తలుపు పిడుల సంగతి వేరు. అవి జింకు పోతపోసి పైన క్రోమ్ చేసినవి. బంపరు లాంటి ఇనుము ఓర్చుకునే కష్టాన్ని పోత జింకు ఓర్చుకోదు. ఆమ్లానికీ క్షారానికీ రెండింటికీ లొంగిపోతుంది, నాలుగు వందల డిగ్రీలలోపే కరుగుతుంది కనుక హీట్ గన్ను దగ్గర పెట్టడం కూడా ప్రమాదమే. నేను వాటిని వట్టి నీళ్ళలో, సోడా గాని సబ్బు గాని లేకుండా, సన్న సెగ మీద రెండు గంటలు ఉంచాను. వేడికి రంగు సాగినంత మేర లోహం సాగదు, ఆ సందులోకి నీరు దూరుతుంది. పట్టు లేని రంగుకు ఇది చాలు, వేలి గోటికే వచ్చేసింది. మా ఇంటావిడ ఆ గిన్నెను ఆ పూటే అటక మీదికి పంపించింది, పంపించడం సబబే. పాత రంగులలో సీసం ఉంటుంది, ముఖ్యంగా పసుపు, ఎరుపు రంగులలోనూ, పాత ప్రైమర్లలోనూ. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగులలో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల భాగాలలో 90కి) మించనివ్వకూడదన్న నిబంధన అమలులోకి వచ్చిందే 2017 నవంబరులో. కాబట్టి పాత కారు రంగును పొడిగా ఉప్పుకాగితంతో రుద్ది, ఆ దుమ్ములో పిల్లలను తిరగనివ్వడం ఎంతమాత్రమూ మంచిది కాదు. తడిపి తీయాలి, తీసిన పొరలను కాగితంలో చుట్టి పడేయాలి.

ఇప్పుడు రిమూవర్ దగ్గరికి వద్దాం. నేను కొన్న డబ్బా మీద చిన్న అక్షరాలలో మిథిలీన్ క్లోరైడ్ అని ఉన్నది. పీయూ రంగును సైతం ఉబ్బించి లేపే శక్తి దానికి ఉన్నది. దాని అణువు చిన్నది, రంగులోని ముడుల మధ్య నుంచి దూరిపోతుంది. అయితే అది పీల్చిన మనిషి శరీరంలో కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది, మూసిన గదుల్లో దానితో పని చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. అందుకే అమెరికాలో 2019లో మామూలు జనానికి దానితో చేసిన రిమూవర్ల అమ్మకాన్ని నిషేధించారు. దాని ఆవిరి గాలి కంటే బరువు, నేలబారుగా పేరుకుంటుంది, కింద కూర్చుని పని చేసే మనకు సరిగ్గా ముక్కు ఎత్తుకే వస్తుంది. ముక్కుకు కట్టిన గుడ్డ దాన్ని ఆపదు, మామూలు రబ్బరు తొడుగులను నిమిషాలలో దాటేస్తుంది. వీటన్నింటికీ తోడు మన ఎండలొకటి. మిథిలీన్ క్లోరైడ్ మరిగేది దాదాపు 40 డిగ్రీల దగ్గర. మే నెల మధ్యాహ్నం బెజవాడలో నీడన పెట్టిన డబ్బా కూడా మరిగే స్థితిలోనే ఉంటుందన్నమాట. మూత తిప్పితే చిమ్ముతుంది. పూసినది పని మొదలుపెట్టకముందే ఎగిరిపోతుంది. ఎగిరిపోయిందని మళ్ళీ పూస్తాము, మళ్ళీ పీలుస్తాము. తిన్నరుతో పోయే రంగుకు దీన్ని వాడడం మూర్ఖత్వమని నేననడానికి కారణం ఇది. తిన్నరు కూడా అమాయకపు వస్తువు కాదు, భగ్గున మండుతుంది, దాని వాసనా మంచిది కాదు. కానీ రెండింటి మధ్య ఎంచుకోవలసి వస్తే నేను తటపటాయించను.

రెండవ పెయింటరు నాకు ఆ ఎంపిక మిగల్చలేదు. ఆయన వేసినది ప్రైమరు, ఆ మీద పీయూ. పట్టీ అల్యూమినియం కనుక సోడా పనికి రాదు. నీటి సెగకు చలించలేదు. చివరకు జనవరిలో ఒక తెల్లవారుజామున, మేడ మీద ఆరుబయట, గాలివాటుకు వీపు పెట్టి, ఆ డబ్బానే వాడాను. కుంచెతో ఒక్క దిక్కుగా మందంగా పూసి, పాలిథీన్ కప్పి, దూరంగా వెళ్ళి కూర్చున్నాను. రంగు ఉబ్బి లేచింది. బద్దతో తోసి, తడిగుడ్డతో తుడిచాను. ఆశించిన మెరుపు లేదు. పొడవునా, ఒకే దిక్కున, శ్రద్ధగా రుద్దిన గీతలు కనిపించాయి. అల్యూమినియం పట్టీల మెరుపు లోహంలో మాత్రమే ఉండదు. దాని మీద విద్యుత్తుతో పెంచిన గాజు లాంటి ఆక్సైడు పొర ఆ మెరుపును కాపాడుతుంది. ఆ పొర తెగిపోయిన చోట ఎంత పాలిష్ చేసినా కొన్నాళ్ళకు మసకబారుతుంది. స్టెయిన్‌లెస్ అయి ఉంటే బాధ లేదు. నాలుగు వందల నంబరు కాగితం నుంచి రెండు వేల దాకా వరసగా దిగి, బఫ్ కొడితే మళ్ళీ అద్దమవుతుంది, ఎందుకంటే అది పైనుంచి కింద దాకా ఒకే లోహం. పూత పెట్టిన వాటికి ఆ వరం లేదు.

ఇక్కడ ఇంకొక మాట. ఈ పనికి ఇంటిలో దొరికే వస్తువులలో అన్నింటికంటే ప్రమాదకరమైనది గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు. మెత్తగా ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. అందులో అంటించి ఉండేది గరుకు రాయిపొడి, చాలావాటిలో అల్యూమినియం ఆక్సైడు. అది గాజును కూడా గీకగలదు. దాని బదులు వెదురు బద్ద, పాత ఏటీఎం కార్డు, నూలుగుడ్డ చాలు, మరీ మొండికేస్తే బాగా సన్నరకం స్టీలు ఉన్నికి నూనె పట్టించి, క్రోమ్ మీద మాత్రమే. స్టెయిన్‌లెస్ మీద ఆ ఉన్ని కూడా వద్దు, దాని నలుసులు మిగిలి తరవాత తుప్పు పడితే ఆ తుప్పు పట్టీది అనుకుంటాము.

మేస్త్రి వాదనలో న్యాయం లేదని అనను. ఆయనకు గంటకింత అని కూలి కట్టాలి. నేను నెల రోజులు కూర్చున్న పనికి ఆయన బిల్లు వేస్తే ఆ డబ్బుతో క్రోమ్ సామానంతా రెండు సార్లు ప్లేటింగు చేయించవచ్చు. గుంటలు లోతుగా పడిన బంపరుకు ప్లేటింగే గతి, నా వెనక బంపరును కూడా పంపక తప్పదు. నేను ఒప్పుకోనిది, అన్నింటికీ అదే మందు అనడం. ప్లేటింగుకు ముందు బఫ్ చక్రం కింద పెట్టి గుంటలు పోయే దాకా అరగదీస్తారు. పదునైన అంచులు గుండ్రమవుతాయి, పోత అక్షరాల ముక్కులు చెవులు అరిగిపోతాయి, పిడి మీద ఉన్న సన్నని గాడి చెరిగిపోతుంది. కొత్త పూత తళతళలో ఈ నష్టం ఎవరికీ కనిపించదు. పాత క్రోమ్ తొట్లలో వాడేది ఆరు సంయోజకత గల క్రోమియం, అది క్యాన్సర్ కారకమని తేలినది. తొట్టి పక్కన నిలబడే మనిషికీ, ఆ నీళ్ళు కలిసే నేలకూ దాని బాధ ఉన్నది. బాగున్న పూతను గీకి పారేసి మళ్ళీ అదే పూత కోసం ఆ తొట్టి దగ్గరికి పంపడంలో పొదుపు ఎక్కడున్నదో నాకు అర్థం కాదు.

బానెట్ పట్టీని ఏమీ చేయలేదు. గీతలతోనే తిరిగి బిగించాను. పొద్దున పూట ఎదురెండలో ఆ గీతలు కనిపిస్తాయి, ఏమిటని అడిగిన వాళ్ళకు రెండవ పెయింటరు గురించి చెబుతున్నాను. ఇక మిగిలింది డిక్కీ మీది మోనోగ్రామ్ అక్షరాలు. వాటి మీద రెండు రంగులూ ఉన్నాయి, కింద డ్యూకో, పైన పీయూ. రెండవాయన వాటిని రుద్దింది పై తెల్లరంగు వరకేనా, రుద్దుతూ రుద్దుతూ అడుగుదాకా పోయాడా అన్నది తీస్తే గాని తెలియదు. ఇప్పుడు ఏప్రిల్. అక్షరాలను విప్పి, పాతగుడ్డలో చుట్టి, అటక మీద ఆ గిన్నెలో పెట్టాను. సంక్రాంతి చలిలో చూసుకోవాలి.